పార ఎవరి చేతికి, గరిటె ఎవరి చేతికి?

శ్రీకాకుళం జిల్లాలో నాగావళికి దగ్గరగా ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాల నుంచి జీవశాస్త్రం టీచరు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు 36 ఏళ్ళు. ఆ బడికి వచ్చి మూడేళ్ళయింది. బడి వెనుక మూడు సెంట్ల జాగా ముళ్ళకంపతో, విరిగిన బెంచీలతో నిండి ఉండేది. రెండేళ్ళ క్రితం ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 42 మందితో దాన్ని బాగుచేయించి కూరల తోట వేశారు. తోటకూర, గోంగూర, బెండ, వంగ, గోడవారన బీర, ఆనప పాదులు. మొదటి ఏడాది తోటకూర గింజలు వానకు కొట్టుకుపోయి ఒక మూలనే గుబురుగా మొలిచాయట. మరుసటి ఏడాది గింజల్లో ఇసుక కలిపి చల్లాలని పిల్లలే ఒక తాతను అడిగి తెలుసుకొచ్చారు. శనివారాలు కోసిన కూరతో పిల్లలే ఒక వంటకం చేసి, బడి భోజనంతో పాటు అందరూ పంచుకునేవారు. బలంగా ఉన్న పిల్లలు తవ్వేవారు. చేతిరాత బాగున్నవాళ్ళు తోట రిజిస్టరు రాసేవారు. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు వంట చూసుకునేవారు.

మొన్న శ్రావణ మాసంలో ఒక శనివారం తోటకూర పప్పు వండారు. ఏడో తరగతి అమ్మాయి ఒకరు పప్పు ఎనిపి, తానే వడ్డించింది. వరుసలో కూర్చున్న ఒక అబ్బాయి పప్పు పడిన అన్నాన్ని కంచంలో ఒక వైపుకు నెట్టి, మిగిలిన ఉత్త అన్నం తిన్నాడు. అది చూసి పక్కవాడూ అలాగే చేశాడు. తర్వాత విడిగా అడిగితే, "ఆ పిల్ల వండితే తినొద్దని మా నాయనమ్మ చెప్పింది" అన్నాడు. ఆ అమ్మాయి ఎస్సీ కాలనీ నుంచి వస్తుంది. ఆ పూట గరిటెను గిన్నె అంచుకు ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాతి శనివారం "వంట వద్దు టీచర్, నేను నీళ్ళు పోస్తాను" అంది. టీచరు "సరేనమ్మా" అన్నారు. ఇప్పుడు ఆ అమ్మాయి నీళ్ళు పోయడానికీ రావడం లేదు.

ఆ తర్వాత ఐదుగురు తల్లిదండ్రులు బడికి వచ్చారు. అందులో ఒక తల్లి, భర్తతో కలిసి హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి భవన నిర్మాణాల్లో కూలికి వెళ్ళి వచ్చిన మనిషి, "మట్టిపని మాతోనే పోవాలని బడికి పంపుతున్నాం. మీరూ పారే ఇస్తే ఇక బడి ఎందుకు టీచరమ్మా" అని అడిగింది. బడిలో భోజనం వండే ఆవిడ, పిల్లలందరూ పిన్ని అని పిలిచే మనిషి, నెల రోజులుగా ఈమెను పలకరించడం లేదు. శనివారం పొయ్యి ఖాళీ లేదంటోంది. తనిఖీ అయ్యేవరకు అన్నీ ఆపేయమని హెడ్మాస్టరు అన్నారు. "జీతం పాఠం చెప్పడానికి ఇస్తున్నారు" అని భర్త అన్నారు. "ఆపితే ఓడిపోయినట్టుంది, సాగిస్తే మొండికేసినట్టుంది. ఏం చేయను?" అని ఆమె ప్రశ్న. చివర కొసరుగా, బెండ మొక్కల ఆకులు పచ్చబారుతున్నాయని కూడా రాశారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తోట కళ్ళకు కట్టింది. ఇసుక కలిపిన గింజల ముచ్చట చదివి మనసారా సంతోషించాను. రెండోసారి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆరు పేజీల్లో నాలుగు పేజీలు తోట గురించి. ఒక పేజీ తల్లిదండ్రుల మీద, హెడ్మాస్టరు మీద. అరపేజీ వంటావిడ మీద. గరిటె పట్టిన అమ్మాయి గురించి ఐదు వాక్యాలు. మిమ్మల్ని నొప్పించాలని లెక్కపెట్టలేదు. ఈ చిక్కుముడిలో దారం కొస ఆ ఐదు వాక్యాల్లోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అందులోనూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "సరేనమ్మా" అన్న మాట. ఆ అమ్మాయి వంట వదిలి నీళ్ళ పనికి వెళ్తానన్నప్పుడు మీకు లోపల కాస్త ఊరట కలిగి ఉంటుంది. గొడవ లేకుండా తేలిపోయిందనుకుని ఉంటారు. మీ స్థానంలో నేనున్నా ఆ క్షణంలో అదే అనేదాన్నేమో. కానీ పన్నెండేళ్ళ పిల్లకు ఆ మాట ఎలా వినపడిందో ఆలోచించండి. తాను తప్పుకుంటే టీచరుకు హాయిగా ఉందని వినపడింది. పప్పన్నం పక్కకు నెట్టిన పిల్లవాడు చేసిన గాయం ఒకటి. దాన్ని చూసిన పెద్దమనిషి ఏమీ అనకపోవడం ఇంకొకటి.

తిండి దగ్గర పడిన సిగ్గు ఎంత కాలం ఉంటుందో నాకు తెలుసు. నేను చదువుకున్నది చీపురుపల్లి వైపు ఒక పల్లెలో. మాలో కొందరం మధ్యాహ్నానికి చోడి అంబలి తెచ్చుకునేవాళ్ళం. అన్నం తెచ్చుకునే పిల్లలు చూస్తారని పలక అడ్డం పెట్టుకుని, మూత సగమే తీసి, గబగబా తాగేసేవాళ్ళం. మూత చప్పుడైతే ఎవరు తల తిప్పుతారోనని భయం. 2023 మార్చిలో మన రాష్ట్రం బళ్ళలో రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, అది మన చోళ్ళేనని తెలిసి నాకు కళ్ళు చెమర్చాయి. అప్పటికి నాకు అరవై దాటాయి. మీ విద్యార్థినికి పన్నెండేళ్ళు. ఇంకా సమయం ఉంది.

కాబట్టి తోట సంగతి తేల్చడానికి ముందు ఆమె దగ్గరికి వెళ్ళండి. స్టాఫ్ రూముకు పిలవకండి. పిలిస్తే ఏదో తప్పు చేసినట్టు భయపడుతుంది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళండి, అమ్మానాన్నలు ఉన్నప్పుడు. వాళ్ళు ఇచ్చిన మంచినీళ్ళు తాగండి, టీ ఇస్తే టీ తాగండి. "ఆ రోజు జరిగింది నేను చూశాను. నువ్వు తప్పుకుంటానంటే సరే అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది" అని సూటిగా చెప్పండి. అంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు. మళ్ళీ వంటకు రమ్మని బతిమాలవద్దు. వచ్చే శనివారమే ఆమె చేతికి గరిటె ఇచ్చి అందరి ముందు నిలబెట్టాలన్న ఆలోచన వస్తే, దయచేసి మానుకోండి. ఆ పిల్లను ఉదాహరణగా చూపి తరగతిలో అంటరానితనం పాఠం చెప్పడమూ వద్దు. ఆ పాఠం చెప్పాలి, చెప్పి తీరాలి, కానీ ఇంకో సందర్భంలో, ఎవరి ముఖంవైపూ చూడకుండా. వస్తానంటే వస్తుంది, రానంటే ఆ మాట కూడా నిలవాలి. కొందరు పిల్లలకు నెలలు పడుతుంది.

ఆ అమ్మాయి తల్లిదండ్రులు "ఫిర్యాదు చేస్తాం" అనవచ్చు. అప్పుడు మీరు సర్దిచెప్పే పాత్ర తీసుకోకండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. 1955 నాటి చట్టం అది నేరమంది. ఫిర్యాదు చేయాలా, మానాలా అన్నది వాళ్ళ హక్కు. చేస్తే ఊళ్ళో వేడి పుడుతుంది, మీకు బదిలీ ఒత్తిడి రావచ్చు, ఆ పిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడుతుంది. చేయకపోతే నాయనమ్మ మాటే చెల్లుబాటైందన్న ధీమా మిగులుతుంది. రెండింటికీ ఖరీదు ఉంది, రెండూ వాళ్ళే చెల్లించాలి. అందుకే నిర్ణయం వాళ్ళదే. మీరు చూసింది చూసినట్టు చెప్పడానికి సిద్ధంగా ఉంటానని మాటివ్వండి. అది చిన్న మాట కాదు.

ఇప్పుడు కంచంలో పప్పన్నం పక్కకు నెట్టిన పిల్లవాడు. అతని మీద మీకు కోపం ఉందని ఉత్తరంలో తెలుస్తోంది. పదకొండేళ్ళవాడు, రాత్రి నాయనమ్మ పక్కన పడుకునేవాడు. బలవంతాన తినిపిస్తే ఆ అన్నం గొంతు దిగదు. విద్యాహక్కు చట్టం కూడా పిల్లలను మానసికంగా వేధించకూడదని స్పష్టంగా చెప్పింది. విడిగా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి. ఆ తోటకూరను ఆ అమ్మాయే విత్తింది, ఆ అమ్మాయే కోసింది. నువ్వు కట్టలు కట్టావు. అప్పుడు ముట్టుకున్నావు కదా, పప్పులో పడ్డాక ఏం మారింది?

ఈ ప్రశ్న పెద్దవాళ్ళనే ఇబ్బంది పెడుతుంది. మన ఊళ్ళలో పచ్చి కూర ఎవరు కోసినా కొంటారు. అదే నాయనమ్మ పొద్దున వీధిలోకి వచ్చిన గంపలోంచి గోంగూర కట్ట ఏరుకుంటుంది, ఎవరి చేలో పండిందని అడగదు. నిప్పు మీద పెట్టి ఉడికించాక మాత్రం చెయ్యి గుర్తొస్తుంది. పిల్లవాడు దీనికి జవాబు చెప్పలేకపోతే పోనివ్వండి. ప్రశ్న అతనితో ఇంటికి వెళ్తుంది. నాయనమ్మను ఎదిరించమని మాత్రం చెప్పకండి, ఆ బరువు అతని భుజాలకు ఎక్కువ.

దీన్నిబట్టి మీ ముందున్న దారులు చూద్దాం.

మీ హెడ్మాస్టరు చెప్పినట్టు మొత్తం ఆపేయవచ్చు. తనిఖీ ప్రశాంతంగా గడిచిపోతుంది. కానీ పిల్లలు కారణాన్ని తమంతట తాము రాసుకుంటారు. "ఆ పిల్ల వండినందుకు తోట పోయింది" అని 42 మందిలో ఒక్కరు అన్నా చాలు, మిగతా చదువంతా ఆమె ఆ మాట మోయాలి. తోట ఆపాల్సి వస్తే ఇప్పుడు కాదు, ఈ గాయానికి కట్టు కట్టాక, వేరే కారణం మీద ఆపండి.

రెండో దారి చాలామందికి తెలివైనదిగా తోస్తుంది. వంట మానేసి, పండినది పచ్చిగానే పంచి ఇళ్ళకు పంపడం. ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ అభ్యంతరం లేకపోవడమే నాకు నచ్చని సంగతి. పచ్చి కూర పంపకం ఊరి పాత పద్ధతిలోనే నడుస్తుంది కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. కొన్నాళ్ళు గడువు కోసం అయితే ఇది వాడుకోండి. ఒక నెల, మహా అయితే రెండు నెలలు. అదే స్థిరపడితే, కలిసి తినడం మన బడిలో కుదరని పని అని మీరే సంతకం చేసినట్టు.

మూడోది, తోటలో పండినది పిన్నికి అప్పగించి ఆమెనే వండమనడం. భద్రత దృష్ట్యా మేలైనది. పిల్లలకు వంట నేర్పడం తగ్గిపోతుంది, పైగా ఆమె మీద అదనపు పని పడుతుంది. నాలుగోది, వంట సాగించి, పని పంచే పద్ధతిని మార్చడం. నా మొగ్గు దీనివైపే. ఎందుకో చెప్పాలంటే మళ్ళీ మీ ఉత్తరంలోకే వెళ్ళాలి.

"బలంగా ఉన్న పిల్లలు తవ్వేవారు, చేతిరాత బాగున్నవాళ్ళు రిజిస్టరు రాసేవారు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు వంట చూసుకునేవారు" అని రాశారు. రిజిస్టరు తీసి ఆ పేర్లు ఒకసారి వరుసగా చూడండి. తవ్విన పిల్లలు ఎవరి పిల్లలు? రాసిన పిల్లలు ఎవరి పిల్లలు? ఒక్క మగపిల్లవాడైనా పప్పు ఎనిపాడా? మీరు ఏ దురుద్దేశంతోనూ పంచలేదని నాకు తెలుసు, ఎవరికి ఏది వస్తే అది ఇచ్చారు. కూలివాళ్ళ పిల్లలకు పార పట్టడం వచ్చు, అందుకే వాళ్ళకు పార ఇచ్చారు. ఇంట్లో చదువు ఉన్న పిల్లలకు రాత వచ్చు, వాళ్ళకు పెన్ను ఇచ్చారు. ఊరు ఎలా పంచుతుందో తోట కూడా అలాగే పంచింది.

ఆ తల్లి కోపానికి మూలం ఇదేనని నా నమ్మకం. ఆమెను చదువు విలువ తెలియని మనిషిగా మీరు చిత్రించారు. నాకు మాత్రం ఆమె ప్రశ్న చాలా న్యాయంగా అనిపించింది. తట్ట మోసి మోసి నడుము వంగిన మనిషి, తన కూతురి చేతిలో పార చూసి ఉలిక్కిపడింది. ఈ ప్రశ్న పాతదే. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని కేంద్రంగా నయీ తాలీం విద్యను ప్రతిపాదించినప్పుడు కూడా, పిల్లల శ్రమను వాడుకున్నట్టు అవుతుందేమోనని అడిగినవాళ్ళున్నారు. పార పట్టడం కొత్తగా ఉన్న పిల్లకు అది ఆటవిడుపు. పుట్టినప్పటినుంచి పారను చూస్తున్న పిల్లకు అది తలరాతలా కనిపిస్తుంది. ఇద్దరికీ ఒకే పార ఇచ్చి, ఒకే పాఠం చెప్పామనుకోకూడదు.

అందుకే వంతులు పెట్టండి. 42 మందిని ఆరు జట్లు చేయండి, ఒక్కో జట్టులో అన్ని వీధుల పిల్లలూ ఉండాలి. తవ్వడం, విత్తడం, నీళ్ళు, రిజిస్టరు, వంట, వడ్డన, ఈ ఆరు పనులూ వారం వారం చేతులు మారాలి. ఈ వారం రాసినవాడు వచ్చే వారం తవ్వాలి. ఈ వారం తవ్విన అమ్మాయి వచ్చే వారం రిజిస్టరు పట్టాలి, చేతిరాత ఎలా ఉన్నా సరే. వంట వారంలో మగపిల్లలు కూడా ఉల్లిపాయలు తరుగుతారు. జపాన్ బడుల్లో మధ్యాహ్నం భోజనం పిల్లలే వంతులవారీగా తెల్ల టోపీ, పైబట్ట వేసుకుని తోటివారికి వడ్డిస్తారు. ఎవరి వంతు వస్తే వారి చేతి వడ్డనే అందరికీ. వంతు అనేది గోడమీద కాగితంలో ఉంటే, గరిటె ఎవరి చేతిలో ఉందన్న చర్చకు బలం తగ్గుతుంది. పూర్తిగా పోతుందని చెప్పను. కొందరు ఇళ్ళవాళ్ళు "ఆ వారం మావాడు భోజనానికి రాడు" అంటారు. రానివ్వకపోవడం వాళ్ళ ఇష్టం, కాగితంలో పేర్లు మార్చకపోవడం మీ ఇష్టం. ఒకసారి మార్చారంటే ఇక ఆ కాగితాన్ని ఊరే రాస్తుంది.

మీ హెడ్మాస్టరుకు ఈ సందర్భంలో చెప్పడానికి ఒక మాట ఇస్తాను. బడి భోజనం వంటవాళ్ళ నియామకాల్లో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. వండే చెయ్యి ఎవరిదన్న ప్రశ్నను బడిలోకి రానివ్వకూడదన్నది దేశం ఎప్పుడో తేల్చిన సంగతి. పైగా మన రాష్ట్రంలో 2024 నుంచి ఈ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరుంది. గోదావరి లంకలో, వచ్చినవాళ్ళు ఎవరన్నది చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ పేరున్న బోర్డు కింద పిల్లలు వేరుగా తింటే ఎలా అని అడగండి, మెల్లగానే.

ఆ తల్లి విషయానికి మళ్ళీ వస్తాను. ఆమెను బడికి రప్పించి వాదించవద్దు. ఒక శనివారం పిలిచి, ఆమె కూతురి చేతే చెప్పించండి. మూడు సెంట్లు అంటే సుమారు 145 గజాలని ఆ పిల్ల కొలిచి చూపాలి. ఇరవై బెండ గింజలు తడిగుడ్డలో కట్టి, మొలిచినవి లెక్కపెట్టి, నూటికి ఎన్నో చెప్పాలి. తల్లి చూడాల్సింది ఆ పిల్ల చేతిలోని రిజిస్టరు. అప్పటికీ ఆమె మనసు మారకపోవచ్చు. అలాంటప్పుడు ఆ పిల్లకు పార వంతు తప్పించి, మిగతా పనులు ఇవ్వండి. ఆ ఒక్క తల్లి మాట గెలవనివ్వండి. వంతు కాగితంలో పేర్లు మార్చవద్దన్న నేనే ఈ మినహాయింపు అడుగుతున్నాను. ఇక్కడ బరువు దించమని అడుగుతున్నది మోసినవాళ్ళు కనుక.

ఇక పిన్ని. ఈ ముడులన్నిటిలో తొందరగా విడిపోయేది ఇదే, విప్పాల్సింది కూడా మీరే. మొదటి శనివారం ఫోటోలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇన్నాళ్ళకు పిల్లలు కంచం ఖాళీ చేశారు" అని రాశానని ఎంతో మురిపెంగా చెప్పారు. ఆ "ఇన్నాళ్ళకు" అన్న మాట ఎవరికి తగిలిందో గమనించారా? రోజూ వండే మనిషికి. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో, కూరగాయలు ముందు చేతి డబ్బుతో తెచ్చి, బిల్లు వచ్చేదాకా ఎదురుచూసే మనిషికి. ఆమె వంట బాగాలేదని మీరు ఊరందరి ముందు అన్నట్టే అయింది. ఇంకో భయం కూడా ఉంటుంది. పిల్లలే పండించి, పిల్లలే వండితే, రేపు తన అవసరం ఏముందని.

ఆ భయానికి లెక్క ఒక్కటే మందు. ప్రాథమికోన్నత తరగతుల పిల్లలకు రోజుకు తలా 75 గ్రాముల కూరగాయలు ఇవ్వాలన్నది నిబంధన. మీ 42 మందికి రోజుకు మూడు కిలోల పైమాటే. మూడు సెంట్లలో వారమంతా కోసినా రెండు మూడు రోజులకు సరిపడా కూర రావడం కష్టం. తోట ఆమె వంటకు తోడే గాని, పోటీ కాదు. కానీ లెక్క చెప్పడానికి ముందు క్షమాపణ చెప్పాలి. పొద్దున ఆమె బియ్యం కడుగుతున్నప్పుడు పొయ్యి దగ్గరికి మీరే వెళ్ళండి. ఆ తర్వాత అదే గ్రూపులో ఆమె వంట గురించి నాలుగు మంచి ముక్కలు రాయండి. ఏ మాట ఎక్కడ పడిందో అక్కడే దిద్దాలి.

ఆపైన ఆమెను గురువుగా పిలవండి. మునగాకుతో తెలకపిండి కూర ఎలా వండాలో, పప్పు ఉడికిందని మెతుకు పట్టకుండా వాసనతో ఎలా పోల్చుకోవాలో ఆమె చెబితే పిల్లలు వింటారు. శనివారం అదనపు పనికి ఏదో ఒకటి ముట్టజెప్పేలా పాఠశాల కమిటీతో మాట్లాడి ఏర్పాటు చేయండి. ఊరికే చేయించుకోవద్దు. ఇంకో మాట. ఆ అబ్బాయి ఉండే వీధిలోనే పిన్ని కూడా ఉంటుందని రాశారు. ఆ అమ్మాయి వడ్డించిన పప్పును పిన్ని ఒక్కసారి అందరి మధ్య కూర్చుని తింటే, మీరూ నేనూ వంద మాటలు చెప్పినదానికన్నా ఎక్కువ. కానీ అది ఆమెను అడిగి చేయించే పని కాదు. ఆమెకు తోచాలి.

హెడ్మాస్టరు గారి భయాన్ని కొట్టిపారేయకండి. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో, పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. బడి బాధ్యత మోసే ఎవరికైనా ఆ వార్త మనసులో ఉంటుంది. ఆయనకు కాగితం మీద భరోసా ఇవ్వండి. తోటలో పురుగుమందు వాడం, వేపగింజల కషాయమే వాడతాం. మరిగే గిన్నెను దింపేది, గంజి వంచేది పెద్దవాళ్ళే. వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూస్తారు. ఈ నాలుగు ముక్కలతో పాఠశాల కమిటీ తీర్మానం చేయించండి. బడుల్లో పోషకాహార తోటల కోసం కేంద్ర విద్యాశాఖ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తులు నేర్పమంది, అందులో తోటపని కూడా ఉంది. ఇవి జతచేస్తే తనిఖీ రోజున తోట దాచుకోవలసినది కాదు, చూపించవలసినది అవుతుంది. ఆయన అప్పటికీ ఆగమంటే, ఆ నెల రోజులూ తోట పని మాత్రం సాగనిచ్చి వంటకు విరామం ఇవ్వండి, తిరిగి మొదలుపెట్టే తేదీ పిల్లలకు ముందే చెప్పి.

మీ భర్తగారి మాటకు నేను జవాబు చెప్పను. ఒక శనివారం ఆయన్ను బడికి తీసుకువెళ్ళి వరుసలో కూర్చోబెట్టండి.

ఒక ఆలోచన ఉంది, నచ్చితేనే. కార్తీకంలో మన వైపు వనభోజనాలు జోరుగా జరుగుతాయి. ఈమధ్య అవి ఏ కులానికి ఆ కులం, ఏ తోటకు ఆ తోట అన్నట్టయ్యాయి. పిల్లలు అవే చూస్తున్నారు. మీ మూడు సెంట్లలో బడి వనభోజనం ఒకటి పెట్టండి. అన్నం, పప్పు పిన్ని వండుతుంది, కూర పిల్లల వంతు, వడ్డన ఆ వారం ఏ జట్టుదైతే ఆ జట్టుది. తల్లిదండ్రులను, నాయనమ్మలను కూడా పిలవండి. సగం మంది రాకపోవచ్చు. వచ్చినవాళ్ళలో కొందరు పని ఉందని తినకుండానే లేవవచ్చు. దానికి సిద్ధపడే పిలవండి, లెక్క తీయకండి. తినకుండా లేచినవాళ్ళ ముఖాలు పిల్లలు ఎలాగూ చూస్తారు, కూర్చుని తిన్నవాళ్ళనూ చూస్తారు. ఇదంతా ఈ ఏడాది మోయలేననుకుంటే వచ్చే ఏడాదికి వాయిదా వేయండి, వంతుల కాగితం ఒక్కటి నిలబడినా ఈ ఏటికి చాలు.

బెండ ఆకులు ఈనెల వెంట పసుపు వలలా మారుతూ, కాయలు కూడా పాలిపోతున్నాయంటే అది పల్లాకు తెగులు. తెల్లదోమ దాన్ని మోసుకొస్తుంది. పట్టిన మొక్కకు మందు లేదు, పీకి దూరంగా పూడ్చేయాలి. మిగతా వాటి దగ్గర పసుపు రంగు అట్టలకు ఆముదం రాసి కర్రలకు కట్టండి, దోమ అంటుకుంటుంది. అట్టలు కట్టే పని చిన్న పిల్లలకు చాలా నచ్చుతుంది. పీకిన చోట మళ్ళీ బెండ వేయకండి. మట్టి తిరగేసి, దసరా సెలవులకు ముందే ముల్లంగి గింజలు వేయండి, నలభై, నలభై ఐదు రోజుల్లో దుంప చేతికొస్తుంది, కార్తీకానికి అందుతుంది. సెలవుల్లో నీళ్ళ వంతు ఎవరిదో మాత్రం ఇప్పుడే రాసిపెట్టుకోండి.